పదకొండో రోజున మానేసినవాళ్ళ తరఫున ధ్యానం గురువులకు ఓ లేఖ

ధ్యానం నేర్పే గురువులకు, వారాంతపు శిబిరాలు నడిపే శిక్షకులకు, ఫోన్‌లోంచి మెత్తటి గొంతుతో ఊపిరి పీల్చమని చెప్పే యాప్‌ల వాళ్ళకు,

నమస్కారమండీ.

ముందే చెప్పేస్తే మంచిది, ఇది ధ్యానాన్ని తిట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదు. నేను రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు కూర్చుంటాను. ఆరేళ్ళు దాటింది. మధ్యలో జ్వరాలొచ్చాయి, ప్రయాణాలొచ్చాయి, అన్నిటికంటే ఎక్కువసార్లు బద్ధకం వచ్చింది, అయినా మొత్తమ్మీద వదల్లేదు, ఎందుకంటే దానివల్ల నాకు నిజంగా మేలు జరిగింది. సరిగ్గా అందుకే మీ మీద కోపం. సరుకు మంచిదే, కానీ మీరు దాన్ని అమ్మే తీరుంది చూశారూ, దాన్ని నమ్మి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు. నాకు తెలిసినవాళ్ళలో ధ్యానం మొదలుపెట్టినవాళ్ళకి లెక్కలేదు, ఇప్పటికీ చేస్తున్నవాళ్ళని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. మిగతావాళ్ళని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట. "ట్రై చేశానండీ, నాకు కుదరదు, నా మనసు ఆగదు."

మనసు ఆగాలని వాళ్ళకి చెప్పిందెవరు? మీరే కదా.

నా సంగతే చెబుతాను. మొదటిసారి వెళ్ళిన శిబిరంలో గురువుగారు మంచి మనిషే, గొంతు కూడా బాగుండేది. "ఆలోచనలన్నీ ఆపేయండి, మనసుని ఖాళీ చేయండి, ఆ ఖాళీలో ఆనందం నిండుతుంది" అన్నారు. కళ్ళు మూసుకున్నాను. ఐదు నిమిషాలకే ఎడమ కాలు తిమ్మిరెక్కింది. ముక్కు మీద దురద, గోక్కోవచ్చో లేదో తెలీదు. పక్కాయన ఊపిరి నెమ్మదిగా, బరువుగా వినబడుతోంది, ఈయనకి వచ్చేసినట్టుందే అని లోపల కుళ్ళు. గీజర్ ఆపానా లేదా అని ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. ఆ తర్వాత, పన్నెండేళ్ళ కిందట ఎవరో ఏదో అంటే అప్పుడు నోరు పెగలక ఊరుకున్నానే, దానికి చెప్పాల్సిన సమాధానం మొత్తం మంచి మంచి మాటలతో సహా తయారైపోయింది. గంట మోగింది. కళ్ళు తెరిస్తే చుట్టూ అన్ని మొహాలూ ప్రశాంతంగా ఉన్నాయి. ఎలా ఉందని అడిగారు. అందరూ బాగుందన్నారు. నేనూ బాగుందన్నాను.

ఇంటికొచ్చాక పది రోజులు చేశాను. రోజూ ఓడిపోయి లేచినట్టే ఉండేది. పదకొండో రోజు అలారం నొక్కేసి అటు తిరిగి పడుకున్నాను, ఆ పడుకోవడం రెండేళ్ళు సాగింది. ఆ రెండేళ్ళూ నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను, ధ్యానం అనేది పుట్టుకతోనే నెమ్మదస్తులైనవాళ్ళకి కుదిరే వ్యవహారం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గదిలో "బాగుంది" అన్నవాళ్ళలో ఎంతమంది నాలాగే అబద్ధం చెప్పారో అని నవ్వొస్తుంది.

మనసు ఆగదండీ, ఆగే వస్తువు కాదది. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం సైకాలజిస్టులు ఇద్దరు 2,250 మంది పెద్దవాళ్ళని ఫోన్ యాప్‌లో పలకరించి, రోజులో ఏ క్షణాన పడితే ఆ క్షణాన, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దానిమీదే ఉందా, ఎలా అనిపిస్తోంది అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పనిమీద లేదు. అంటే దాదాపు సగం జీవితం మనం ఉన్నచోట ఉండం. అలా పక్కకి పోయిన సమయాల్లో జనం కాస్త తక్కువ సంతోషంగా ఉన్నారని కూడా ఆ లెక్కల్లో తేలింది. ఇక 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ప్రయోగం ఇంకా తమాషా. ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా కూర్చోండి, ఫోన్ లేదు, పుస్తకం లేదు, మీ ఆలోచనలతో మీరుండండి, కావాలంటే ఈ మీట నొక్కితే కరెంటు షాక్ తగులుతుంది అన్నారు. 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు షాక్ కొట్టించుకున్నారు. వీళ్ళంతా అంతకుముందు ఆ షాక్ ఎలా ఉంటుందో చూసి, డబ్బులిచ్చైనా సరే ఇది తప్పించుకుంటాం అన్నవాళ్ళే. ఊరికే కూర్చోవడం అంత కష్టమైన పని. అలాంటి మనుషుల్ని తీసుకొచ్చి మొదటి రోజే మనసు ఖాళీ చేయమంటారేమిటండీ?

అనుభవం ఉన్నవాళ్ళకైనా మనసు ఆగుతుందా అంటే, అదీ లేదు. 2012లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో బాగా అలవాటున్న 14 మందిని ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, ఊపిరిని గమనిస్తూ ఉండండి, మనసు ఎటో పోయిందని తెలిసినప్పుడల్లా మీట నొక్కండి అన్నారు. వాళ్ళూ నొక్కారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. మనసు పోవడం, పోయిందని తెలియడం, వెనక్కి తీసుకురావడం, కాసేపు నిలవడం, మళ్ళీ పోవడం, ఈ చక్రం తిరుగుతూనే ఉంటుందనీ, ఒక్కో దశలో మెదడులో వేరేవేరే భాగాలు పనిచేస్తాయనీ వాళ్ళు చూశారు. నాకు ఇది చదివినప్పుడు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. నేను ఓటమి అనుకున్నదే అసలు పని అన్నమాట!

ఇప్పుడు నేను చేసేది ఇంతే. ఊపిరి వదిలినప్పుడల్లా లోపల ఒక అంకె, ఒకటి నుంచి పది దాకా, మళ్ళీ ఒకటి. మూడో నాలుగో అయ్యేసరికి మనసు జారుకుంటుంది, అంకెలు మాత్రం వాటంతటవే నడుస్తూ ఉంటాయి, ఎప్పుడో పదిహేడు అని వినబడి, అదేంటి పది దగ్గర ఆగాలి కదా అని తెలివొస్తుంది. మళ్ళీ ఒకటి. ఇరవై నిమిషాల్లో ఇలా ఎన్నిసార్లో లెక్కలేదు. నడక వచ్చిన చంటిపిల్లాడు గుమ్మం దాటినప్పుడల్లా ఎత్తుకొచ్చి లోపల కూర్చోబెట్టడం లాంటిదిది, కోప్పడితే ఏడుస్తాడు, వదిలేస్తే వీధిన పడతాడు, కాబట్టి విసుక్కోకుండా వెళ్ళి తెచ్చుకోవాలి. ఈ ముక్క ఆ మొదటి రోజే చెప్పి ఉంటే నాకు రెండేళ్ళు కలిసొచ్చేవి.

రెండో సంగతి, రోజులు. "21 రోజుల్లో మీ జీవితం మారిపోతుంది" అని మీలో చాలామంది రాస్తారు. ఎక్కణ్నించి తెచ్చారండీ ఈ 21? లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మంది మీద చేసి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, అదీ మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా వచ్చింది. అందులోనే ఇంకో మంచి మాట ఉంది, మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటు పడటానికి పెద్ద నష్టమేమీ జరగలేదు. మరి మీ యాప్‌లు చేసేదేమిటి? నలభై మూడు రోజులు వరసగా చేసిన మనిషి ఒక్కరోజు జ్వరంతో పడుకుంటే మర్నాడు పొద్దున తెర మీద పెద్ద సున్నా చూపిస్తాయి. నాకు ఒకసారి అలాగే చూపించింది. ఆ సున్నా చూశాక ఆ రోజు కూర్చోబుద్ధి కాలేదు, నిజం చెప్పాలంటే వారం రోజులు కాలేదు. ప్రశాంతత నేర్పించాల్సిన వస్తువు నాకు హాజరు పట్టీ చూపించి టెన్షన్ పెట్టింది.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుందన్నదానికీ ఒక ఆధారం ఉంది, మీరు అది చెబితే ఎంత బాగుండేది! న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో అచ్చువేసిన పనిలో, ఎప్పుడూ ధ్యానం చేయనివాళ్ళని తీసుకుని కొందరిచేత రోజుకి 13 నిమిషాలు ధ్యానం చేయించారు, ఇంకొందరికి అంతసేపే ఏదో ఒక పాడ్‌కాస్ట్ వినిపించారు. నాలుగు వారాలకి చూస్తే పెద్ద తేడా లేదు. ఎనిమిది వారాలకి చూస్తే ధ్యానం చేసినవాళ్ళలో చిరాకు, దిగులు, ఆందోళన తగ్గాయి, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడ్డాయి. నెల రోజులకి కూడా ఏమీ కనబడలేదు, గమనించారా? మరి మీరు 21 రోజులకి జీవితం మార్చేస్తామని మాటిస్తే, 22వ రోజున మనిషి ఏమనుకోవాలి? మందు పనిచేయలేదనో, తనకే పనిచేయదనో అనుకుంటాడు. ఇంకో నెల ఓపిక పడితే దొరికేదాన్ని మీ తొందర వల్ల పోగొట్టుకుంటాడు. పతంజలి యోగసూత్రాల్లో కూడా అభ్యాసం గట్టిపడాలంటే ఎక్కువకాలం, ఎడతెగకుండా, శ్రద్ధగా చేయాలనే ఉంది. మీ బేనర్ల మీద పతంజలి బొమ్మ వేస్తారు, ఆ సూత్రం మాత్రం వేయరు.

ఇక ప్రయోజనాలు. మీ ప్రకటనల్లో ప్రయోజనం అంటే ఎప్పుడూ ఒకటే బొమ్మ. కళ్ళు మూసుకుని, పెదాల మీద సగం నవ్వుతో, వెనక సూర్యోదయంతో ఒక మనిషి. నాకు ఆరేళ్ళలో ఆ సూర్యోదయం ఒక్కసారీ కాలేదు. కూర్చున్న ఆ ఇరవై నిమిషాలు చాలా రోజులు బోరుగానే ఉంటాయి, ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. దొరికేదేదో లేచాక దొరుకుతుంది, అదీ మనం ఎదురుచూడని చోట.

ఒక రాత్రి పదింటికి ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది, నా పేరు పెట్టి, "ఇది కూడా చూసుకోలేరా?" అని, అందరూ చూసేలా. తప్పు నాది కాదు. బొటనవేళ్ళు వాటంతటవే పనిచేయడం మొదలుపెట్టాయి, ఆరు లైన్లు అయిపోయాయి, ఏడో లైనులో ఉండగా తెలిసింది, నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. దవడ బిగుసుకుని ఉంది. చెవులు వేడిగా ఉన్నాయి. అంతే, అశరీరవాణి ఏమీ పలకలేదు. ఊపిరి వదిలాను. ఆ వదలడానికి పట్టిన రెండు సెకన్లలో, దీన్ని రేపు మాట్లాడొచ్చు కదా అన్న ఆలోచనకి చోటు దొరికింది. ఆరు లైన్లూ చెరిపేసి ఫోన్ బోర్లా పెట్టాను. కోపం పోలేదండీ, ఇంకో గంట దాకా కడుపులో తిరుగుతూనే ఉంది. మర్నాడు వెళ్ళి మాట్లాడాను, ఆయన తన తప్పు ఒప్పుకున్నాడా అంటే పెద్దగా లేదు. కానీ నేను ఎవరికీ సారీ చెప్పాల్సిన పని పడలేదు. అంతకుముందు నా జీవితంలో ఇలాంటి రాత్రులకి మర్నాడు సారీతోనే తెల్లవారేది.

ఆ రెండు సెకన్లు ఎక్కణ్నించి వచ్చాయంటారు? రోజూ పొద్దున పదిహేడు దగ్గర తెలివొచ్చి మళ్ళీ ఒకటికి వస్తున్నాను చూడండి, అక్కణ్నించే వచ్చాయని నా నమ్మకం. మనసు ఎటో కొట్టుకుపోతోందని తెలిసే అలవాటు కూర్చున్నప్పుడు వేలసార్లు అయితే, అది నిలబడ్డప్పుడు ఒక్కసారైనా అక్కరకొస్తుంది.

నిద్ర విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే దాని మీద మీ మాటలు మరీ ఎక్కువ. నాకు రాత్రి రెండింటికి మెలకువ రావడం మానలేదు. ఇప్పటికీ వస్తుంది. మారిందేమిటంటే, ఇదివరకు మెలకువ రాగానే ఒక చింత, దాని వెనకాల "అయ్యో నిద్ర పట్టట్లేదే, రేపెలా" అని ఇంకో చింత, దాని మీద నా మీద నాకే కోపం, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ తెల్లారేది. ఇప్పుడు మొదటిది వస్తుంది, వచ్చిందని తెలుస్తుంది, రెండోది చాలాసార్లు రాదు. నిద్ర పట్టినా పట్టకపోయినా చీకట్లో పడుకుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉండటం అంత భయంకరంగా ఉండదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ వాక్యం పూర్తయ్యేదాకా ఆగడం కూడా కొంచెం వచ్చిందని ఇంట్లోవాళ్ళంటారు, నేనైతే గమనించలేదు.

నడుం నొప్పి సంగతీ అంతే. జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో ధ్యాన కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు అక్కడికొచ్చినవాళ్ళలో చాలామంది మందులతో తగ్గని దీర్ఘకాలపు నొప్పులున్నవాళ్ళే. నొప్పి మాయమవడం ఒకటి, నొప్పి చుట్టూ మనం అల్లుకునే భయం తగ్గడం ఇంకొకటి. నాకు రెండోది జరిగింది. నొప్పి వచ్చిన రోజు "ఇక జీవితాంతం ఇంతేనా" అనే ప్రశ్న రాకుండా, ఎడమవైపు, కిందికి, లాగుతున్నట్టు, ఇప్పుడు కాస్త తగ్గింది, అని చూడగలుగుతున్నాను. ఫిజియోథెరపీ వ్యాయామాలు మానలేదు, అదీ చెప్పాలి.

మీరు అబద్ధాలు ఆడక్కర్లేకుండానే చెప్పుకోదగ్గ నిజాలు మీ దగ్గర బోలెడున్నాయి, నా బాధంతా అదే. 2014లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 47 ప్రయోగాల్ని, వాటిలో పాల్గొన్న 3,515 మందిని ఒకచోట చేర్చి చూశారు. ఆందోళన, డిప్రెషన్, నొప్పి, ఈ మూడింటిలో ధ్యాన శిక్షణ ఓ మోస్తరుగా ఉపయోగపడుతుందని నమ్మదగిన ఆధారం దొరికింది. అదే చోట, మందులకన్నా, వ్యాయామంకన్నా ధ్యానం మెరుగన్న ఆధారం మాత్రం దొరకలేదని కూడా రాశారు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో, మళ్ళీ మళ్ళీ డిప్రెషన్ వచ్చే 424 మందిని తీసుకుని, సగం మందికి మందులు కొనసాగించారు, సగం మందికి ధ్యానంతో కూడిన థెరపీ ఇచ్చి డాక్టర్ల సాయంతో మందులు తగ్గించుకుంటూ వచ్చారు. రెండేళ్ళలో జబ్బు తిరగబెట్టింది మందుల గుంపులో 47 శాతం మందికి, ధ్యానం గుంపులో 44 శాతం మందికి. అంటే దాదాపు సమానం. 2022లో ఆందోళన జబ్బులున్న 276 మంది మీద అమెరికాలో చేసిన ప్రయోగంలో కూడా ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ ఎస్సిటలోప్రామ్ అనే మామూలుగా వాడే మాత్రకి తీసిపోలేదు. ఊరికే కూర్చుని ఊపిరి గమనించే పనికి ఇంతకన్నా గొప్ప సర్టిఫికెట్ ఏం కావాలండీ? కానీ ఆ 276 మందిలో ధ్యానం వైపున్నవాళ్ళు వారం వారం తరగతికి వెళ్ళి, ఇంటి దగ్గర రోజూ ముప్పావుగంట చేయాల్సి వచ్చింది. మీరు ఫలితం చెబుతారు, ఆ ముప్పావుగంట మింగేస్తారు.

"ఎనిమిది వారాల్లో మెదడు రూపమే మారిపోతుంది" అన్న మాట కూడా కాస్త ఆపండి. చిన్న గుంపుల మీద చేసిన పాత అధ్యయనాల్లో అలా కనిపించిన మాట నిజమే. తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 200 మందికి పైగా మనుషులతో మళ్ళీ చేసి చూసి, ఎనిమిది వారాల కోర్సు వల్ల మెదడు నిర్మాణంలో మార్పేమీ కనబడలేదని 2022లో అచ్చువేశారు. మెదడు లావెక్కితే ఎంత, ఎక్కకపోతే ఎంత, నా రెండు సెకన్లు నాకు దొరికాయి కదా. పిల్లలందరికీ బళ్ళో ధ్యానం పీరియడ్ పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయన్నదీ అలాంటిదే. బ్రిటన్‌లో ఎనిమిది వేలకి పైగా బడిపిల్లలతో చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2022లోనే వచ్చాయి, మామూలుగా బళ్ళో చెప్పే పాఠాలకన్నా అది ఎక్కువ మేలేమీ చేయలేదు, చాలామంది పిల్లలు ఇంటి దగ్గర అసలు చేయనేలేదు. నాకు ఆశ్చర్యమనిపించలేదు. తనకి అక్కర్లేని పనిని బలవంతాన కూర్చోబెట్టి చేయిస్తే నాకైనా పట్టదు.

ఇప్పటిదాకా సరదాగా రాశాను, ఈ ఒక్క విషయం దగ్గర సరదా లేదు. నా స్నేహితుడొకడు డిప్రెషన్‌కి మాత్రలు వాడేవాడు, బాగానే నెట్టుకొస్తున్నాడు. ఒక శిబిరంలో శిక్షకుడు "ఇంత సాధన చేస్తున్నావు, ఇంకా ఆ రసాయనాలెందుకు" అన్నాడట. అన్నది ఒక్క మాటే. వాడు ఆ వారమే మాత్రలు ఆపేశాడు, డాక్టరుకి చెప్పలేదు. నెల తిరక్కుండా వాడు మంచం దిగడం మానేశాడు. ఫోన్ ఎత్తేవాడు కాదు. తలుపు తట్టి తట్టి తీయించి, మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు బాగున్నాడు, ధ్యానం మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు, నేను వాణ్ని తప్పు పట్టను. లాన్సెట్ ప్రయోగంలో మందులు తగ్గించింది డాక్టర్ల పర్యవేక్షణలో, నెలల తరబడి చూసుకుంటూ. మీరు మైకు ముందు ఒక్క వాక్యంలో ఆపేయించారు. మందుల విషయం మీ డాక్టరుతో మాట్లాడుకోండి, అది నా పని కాదు, అని చెప్పడానికి మీకు వచ్చే నష్టమేమిటి?

ధ్యానం అందరికీ ఎప్పుడూ మంచే చేస్తుందన్నది కూడా నిజం కాదు. 2020లో 83 అధ్యయనాల్ని కలిపి చూస్తే సుమారు 8 శాతం మందికి ఏదో ఒక చెడు అనుభవం ఎదురైంది, ఎక్కువగా ఆందోళన, దిగులు. గట్టి దెబ్బ తిన్న మనిషి కళ్ళు మూసుకుని నిశ్శబ్దంలో కూర్చుంటే ఆ దెబ్బే ముందుకొచ్చి నిలబడొచ్చు. అలాంటివాళ్ళు మధ్యలో కళ్ళు తెరిస్తే "ఇంకా లోతుకి వెళ్ళు" అనకండి. తెరవనివ్వండి. కిటికీలోంచి చూడనివ్వండి, లేచి నాలుగడుగులు నడవనివ్వండి, ఆ రోజుకి ఆపేయనివ్వండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపండి.

నేను అడిగేది పెద్ద విషయం కాదు. ఈసారి మొదటి తరగతిలో, గంట మోగి కళ్ళు తెరిచాక, ఎలా ఉందని అడక్కండి. ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చారు అని అడగండి. ముందు మీరు చెప్పండి, మీ మనసు ఇవాళ ఎటు పోయిందో, గీజర్ దగ్గరికా, అప్పుల దగ్గరికా, పాత తగాదా దగ్గరికా. గురువుగారి మనసే పోతోందని తెలిస్తే ఆ గదిలో ఎంతమంది భుజాలు కిందికి దిగుతాయో చూడండి. రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టమనండి, పెరిగితే పెరుగుతుంది. నేలమీద పద్మాసనమే వేయక్కర్లేదు, కుర్చీలో కూర్చున్నా ఊపిరి ఆడుతుందని చెప్పండి. రెండు నెలల దాకా ఏమీ తెలియకపోవచ్చు అని మొహమాటపడకుండా చెప్పండి, కొంతమంది లేచి వెళ్ళిపోతారు, ఫరవాలేదు, వాళ్ళెలాగూ పదకొండో రోజున వెళ్ళేవాళ్ళే. యాప్‌ల వాళ్ళూ, మీరు ఆ సున్నా తీసేసి "నిన్న కుదరలేదా, ఇవాళ కూర్చుందాం" అని రాయండి, అంతకన్నా ఏమీ వద్దు.

ఐక్యరాజ్యసమితి 2024లో డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినంగా ప్రకటించింది. ఇక ప్రతి ఏడాదీ ఆ రోజు మీరంతా వేలమందిని ఒకచోట కూర్చోబెడతారు, డ్రోన్‌తో తీసిన ఫొటోలు చాలా బాగుంటాయి, కాదనను. ఆ రోజు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి పదకొండో రోజు సరిగ్గా డిసెంబరు 31 అవుతుంది. నేను లెక్కపెట్టాను. అసలే ఏడాది చివరిరోజు, అందరూ హడావుడిలో ఉంటారు, అలారం నొక్కేసి పడుకోవడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. మీ దగ్గర వాళ్ళ నంబర్లన్నీ ఉంటాయి కదా, తర్వాతి కోర్సు ప్రకటన పంపడానికి తీసుకుంటారు. ఆ పొద్దున ప్రకటన ఆపి, నిన్న మీ మనసు ఎటు పోయింది అని ఒక్క మెసేజ్ పెట్టి చూడండి.

ఇట్లు,
రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టిన మీ పాత శిబిరార్థి